సోమవారం తెరిచిన వంటిల్లు

ట్రావెల్ ఏజెన్సీ అంటే టికెట్లు బుక్ చేసే కొట్టు అనుకునేవాళ్ళతో నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ వాదించాను. టికెట్లు మీరే చేసుకోగలరు. ఎనిమిదో క్లాసు చదివే మీ పిల్లాడు మీకంటే చవగ్గా చేసి పెడతాడు. మనుషులు మా దగ్గరికి వచ్చేది టికెట్ కోసం కాదు, తెలియని ఊళ్ళో తమవాళ్ళ ముందు పరువు పోకుండా చూసుకోవడం కోసం. ఈ మాట ఒప్పుకున్న క్లయింటు నాకు ఇంతవరకూ తగల్లేదు. అలాగని కాదని వెళ్ళిపోయినవాళ్ళూ లేరు.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, వరసగా కొట్లుండే ఒక స్ట్రిప్ మాల్‌లో ఉండేది మా ఆఫీసు. అటు దోశల హోటలు, ఇటు పళ్ళ డాక్టరు. పోయినేడాది ఆ ఉద్యోగం మానేశాను. నా కుర్చీలోకి వచ్చిన ఇద్దరమ్మాయిలు మొన్న ఫోన్ చేసి, "ఆంటీ, ముక్కూమొహం తెలియని ఊళ్ళో మంచి రెస్టారెంట్ మీరెలా పట్టుకునేవాళ్ళు? మాకేమో వెబ్‌సైట్లన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి" అని అడిగారు. ఫోన్‌లో చెబితే అరగంటలో తేలిపోయేది. కానీ చెబుతూ పోతే ఒక ఊరి దగ్గర ఆగిపోతానని నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లు అంతకన్నా చెప్పను.

ఓ ఏడు వేసవిలో ఒక తల్లీ తండ్రీ మా ఆఫీసుకి వచ్చారు. ఆవిడ ఫార్మసిస్టు. బ్రోషర్ చేతికిస్తే ముందు వెనకవైపు చిన్న అక్షరాలు చదివే రకం. ఆయన మంచివాడు, అంతకంటే ఆయన గురించి చెప్పడానికి ఏమీ లేదు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఇక్కడే పుట్టి పెరిగి, ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊళ్ళో పీహెచ్‌డీ పూర్తి చేసింది. చిన్న ఊరే గాని దాన్ని సిటీ అనాలట, ఎందుకంటే మధ్యలో పెద్ద కేథడ్రల్ ఉంది. మన ఫ్రిస్కోలో అయితే దాన్ని ఒక సబ్‌డివిజన్, అంటే ఒక ఇళ్ళ కాలనీ, అని సరిపెట్టేస్తాం. పట్టాలిచ్చే ఉత్సవం నవంబరులో, ఆ కేథడ్రల్ లోపలే. అది అవగానే ఆరుగురు కూర్చుని భోంచేయడానికి ఒక మంచి చోటు కావాలన్నారు.

"ఆరుగురంటే?" అన్నాను.

"మేం ముగ్గురం. ఒక అబ్బాయి. వాళ్ళ అమ్మా నాన్నా, ఇంగ్లీషువాళ్ళు."

ఆ 'ఒక అబ్బాయి' అన్న తీరులోనే నాకు సగం కథ అర్థమైంది. "ఎలాంటి చోటు చూడమంటారు?"

ఆవిడ చేతిలో బ్రోషర్ బల్ల మీద పెట్టింది. "వాళ్ళకి మనం తక్కువగా కనపడకూడదండీ. అలాగని వాళ్ళని చూసి భయపడి ఖర్చుపెట్టినట్టూ ఉండకూడదు."

ఫైన్ డైనింగ్ అనే మాటకి అర్థం చెప్పమంటే ఇప్పటికీ నేను ఇదే చెప్తాను. హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన వాళ్ళెవరూ ఇంత బాగా చెప్పగా నేను వినలేదు.

మర్నాడు కూతురు ఫోన్ చేసింది. ఇక్కడి పిల్లల తెలుగు, అక్కడి దేశపు యాస కొంచెం అంటుకుని ఉంది. "ఆంటీ, మామ్ ఇంకా యెస్ అనలేదు. నో కూడా అనలేదు. 'ఒక పూట వాళ్ళతో కూర్చుని తిని చెప్తా' అంది. సో అది లంచ్ కాదు ఆంటీ. అది నా వైవా."

"అమ్మ నో అంటే చేసుకోవా?"

"చేసుకుంటాను. అదే కదా ప్రాబ్లమ్. అమ్మ నో అన్నా నేను చేసుకుంటాను. అప్పుడు అమ్మ రాదు. అమ్మ లేకుండా నా పెళ్ళి..." అని ఆగిపోయింది. వెంటనే మాట మార్చి, "మీరు మంచి ప్లేస్ చూడండి, ప్లీజ్" అంది.

మా ఓనరు నాకంటే చిన్నవాడు. నన్ను అక్కా అంటాడు, జీతం పెంచమన్నప్పుడు ఇంకా ప్రేమగా అక్కా అంటాడు. విషయం చెబితే, "ఆ ఊళ్ళో ఇండియన్ రెస్టారెంట్ ఉండదా అక్కా? పనీరు, నాన్ చెప్పేస్తే అయిపోతుంది కదా" అన్నాడు.

"ఆవిడ సముద్రం దాటి వెళ్ళి ఆ అబ్బాయి తల్లికి పనీరు పెట్టించాలా? ఇక్కడ మన పక్క దుకాణంలోనే పెట్టించొచ్చుగా?"

"నీతో వాదించి నేను గెలవను."

"తెలిసి ఎందుకు మొదలుపెడతావు?"

ఇక వెతకడం. వాళ్ళకి మధ్యాహ్నమయ్యేసరికి మనకి తెల్లవారుతుంది కాబట్టి, పొద్దున్నే కాఫీ కప్పు పక్కన పెట్టుకుని ఇంటినుంచే ఫోన్లు చేసేదాన్ని. ఫొటోలు నమ్మకండి పిల్లలూ. ఫొటోలో పువ్వు పెట్టడం ఎవరైనా నేర్చుకోవచ్చు. నేను మెనూ పొడుగు చూస్తాను. గజం పొడుగు మెనూ ఉందంటే వెనకాల పెద్ద ఫ్రీజర్ ఉందన్నమాట. తర్వాత మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గిన వేళ ఫోన్ చేసి, "ఈరోజు ఏది వద్దంటారు?" అని అడుగుతాను. అన్నీ బాగుంటాయన్నవాళ్ళకి థాంక్స్ చెప్పి పెట్టేస్తాను. చేప నిన్నటిది, వద్దు అన్నవాళ్ళతో మాట్లాడతాను.

ఆ ఊళ్ళో తిప్పికొడితే నాలుగైదు చోట్లు తేలాయి. కేథడ్రల్ ఎదురుగా ఉన్న హోటలువాళ్ళు వెజిటేరియన్ అనగానే మష్రూమ్ రిసోట్టో అన్నారు. అమ్మాయి తల్లి పుట్టగొడుగులు తినదన్నాను. అవి లేకుండా రిసోట్టో అన్నారు. ఇంకొకటి పాత రాతి నేలమాళిగలో ఉంది. అక్కడి కుర్రాడు ఒక్కో వంటకం పుట్టుపూర్వోత్తరాలు ఫోన్‌లోనే ఎంతసేపు చెప్పాడంటే, బల్ల దగ్గర ఇంకెంత చెప్తాడో, ఈలోపు ఎంత చల్లారిపోతుందో ఊహించుకుని వదిలేశాను. అసలు చిక్కు అది కాదు. ఉత్సవం సోమవారం. ఆ చిన్న ఊళ్ళో కాస్త రుచీపచీ ఉన్న ప్రతిచోటూ సోమవారం సెలవు. తెరిచి ఉండేది ఆ హోటలొక్కటే. పుట్టగొడుగులు లేని పుట్టగొడుగుల అన్నంతో.

చివరిదానికి ఫోన్ చేస్తే ఒకావిడ ఎత్తింది. ఏరు పక్కన ఒక పాత ఇల్లు, కింద రెస్టారెంటు, పైన కాపురం. ఆవిడ వండుతుంది, భర్త వడ్డిస్తాడు. ఈరోజు ఏది వద్దంటారని అడిగితే, "మంచి మాట అడిగావు. ఈరోజు నా మూడ్ వద్దు" అంది. సోమవారం కావాలంటే, సోమవారం మూసేస్తామంది.

"ఎందుకు మూస్తారు?"

"తల స్నానం చేస్తాను."

"ఆదివారం చేయొచ్చుగా?"

ఇక ఫోన్ పెట్టేసిందనుకున్నాను. "నువ్వెప్పుడూ ఇలాగే మాట్లాడతావా?" అంది. అవునన్నాను. అయితే కారణం చెప్పమంది. చెప్పాను, అమ్మాయి, అబ్బాయి, ఒక పూట తిని చెప్తానన్న తల్లి, అన్నీ.

"అంటే నువ్వు అడుగుతున్నది భోజనం కాదు, కోర్టు. నా ఇంట్లో కోర్టు పెట్టమంటావు."

"అవును."

"జడ్జి ఏం తినదో ఇంతసేపూ చెప్పావు. మాంసం తినదు, గుడ్డు తినదు, ఉల్లి తినదు, వెల్లుల్లి తినదు, పుట్టగొడుగు తినదు. ఏం ఇష్టమో ఒక్క ముక్క చెప్పలేదు. కనుక్కుని ఫోన్ చెయ్యి. అప్పుడు తెరుస్తానో లేదో చెప్తాను."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ వంటవాడూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. వద్దన్నవి రాసుకుని, వాటి చుట్టూ జాగ్రత్తగా నడిచేవాళ్ళే అందరూ.

కూతుర్ని అడిగితే, "అమ్మకా? ఐ డోంట్ నో ఆంటీ. లాస్ట్‌లో ఏది మిగిలితే అది తింటుంది" అని, అన్నాక తనే సిగ్గుపడింది. ఆయన్ని అడిగితే, "తనకేదైనా పర్లేదండీ" అన్నాడు. ఆవిణ్ణే అడిగాను. ఆవిడా అదే మాట. "నాకేదైనా పర్లేదండీ, మీరు వాళ్ళకేం కావాలో చూడండి."

నాకు ఒళ్ళు మండింది. "మీ ఫార్మసీ కౌంటర్ దగ్గరికి ఎవరైనా వచ్చి 'ఏ మందైనా పర్లేదు' అంటే ఇస్తారా మీరు?"

ఆవిడ నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు. ఫోన్‌లో వెనకాల ఎవరో క్యూలో దగ్గుతున్నారు. "చామదుంపల వేపుడు" అంది, చివరికి, గొంతు తగ్గించి. "అంచులు కాస్త మాడాలి. మా ఇంట్లో ఎవరూ తినరని వండను."

ఆ సంగతి చెప్పగానే ఇంగ్లండ్ ఆవిడ, "దుంపలా? నవంబరులో మాకు దొరికేవే అవి. చామదుంప అంటే ఏదో నాకు తెలీదు, మాడిన అంచులంటే తెలుసు. తెరుస్తాను" అంది. తర్వాత ఒక షరతు పెట్టింది. "మూసే రోజు కాబట్టి ఆ పూట నా వంటింట్లో ఇంకేదీ ఉండదు. ఆవిడ తినేదే అందరూ తింటారు. ఆరుగురికి, ఒకే వంట. ఒక బల్ల దగ్గర ఒకరికి విందు, ఒకరికి సర్దుబాటు ఉంటే నాకు నచ్చదు."

సోమవారం సెలవే మా అదృష్టమవుతుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

నవంబరులో మా గ్రూపు ఒకటి ఎలాగూ లండన్‌లో దిగుతోంది కాబట్టి, ఓనరు నన్ను నాలుగు రోజులు ముందు పంపాడు. ఆ ఊరంతా ఒక పూటలో నడిచేశాను. సందులు సన్నం, ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టుంటాయి, ఎక్కడ తలెత్తినా కేథడ్రల్ బురుజు కనిపిస్తుంది. ఆవిడ రెస్టారెంటులో శనివారం ఒక్కదాన్నే కూర్చుని తిన్నాను. సెలరియాక్ అని ఒక దుంప, పైకి చూస్తే గజ్జి పట్టినట్టుంటుంది. దాన్ని ఉప్పు పిండిముద్దలో పెట్టి పొద్దుణ్ణుంచీ కాల్చి, కోసి, వెన్నలో అంచులు ఎర్రగా వేయించి, ఏవో గింజలు దంచి పైన చల్లింది. నేను ఊరికే మెచ్చుకునే మనిషిని కాదు. ఆ రోజు ప్లేటులో మిగిలిన వెన్న కూడా బ్రెడ్డుతో తుడుచుకు తిన్నాను. కిచెన్ గుమ్మంలోంచి ఆవిడ చూస్తోంది. నన్ను కాదు, భర్త వెనక్కి తెస్తున్న ఖాళీ ప్లేటుని. ఎవరు ఏది వదిలేశారో చూసుకోకుండా ఏ ప్లేటూ సింకులో పడనిచ్చేది కాదు. వెబ్‌సైట్లో మనుషులు రాసేదంతా ఆవిడకి అక్కర్లేదు, ఆవిడ చదివేది ప్లేట్లు.

ఆదివారం తల్లీ తండ్రీ వచ్చారు. ఇద్దర్నీ హోటల్లో దింపి, మధ్యాహ్నం టీ దగ్గర రేపటి కార్యక్రమం చెబుతున్నాను. పదకొండింటికి కేథడ్రల్, ఒంటిగంటకి లంచ్. ఆవిడ కప్పు కింద పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు, "నాకు లంచ్ వద్దులెండి. రేపు కార్తీక సోమవారం కదా, చుక్కని చూసేదాకా తినను" అంది.

వేసవిలో తేదీ చూసుకున్నాం. వారం చూసుకున్నాం, ఆ వారం కోసం ఒక ఊరంతా వెతికాం. మాసం ఎవరూ చూసుకోలేదు. ఆవిడా చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు. సోమవారం సోమవారం అని నోరు నొప్పెట్టేలా అన్న ఇంతమంది తెలుగువాళ్ళలో ఒక్కరికి కార్తీకం తట్టలేదు.

"మరి వాళ్ళకి చెప్పారా?"

"చెప్పడానికేముంది? మీరంతా తినండి. నేను మంచినీళ్ళు తాగుతూ కూర్చుంటాను."

"ప్రతి ఏడూ అంతే కదండీ" అన్నాడాయన.

"మీ ఇంట్లో అంతే. ఇక్కడ అబ్బాయి తల్లి మీకెదురుగా కూర్చుంటుంది. ప్లేటు తర్వాత ప్లేటు వస్తుంటుంది, మీ ముందు ఖాళీగా ఉంటుంది. ఆవిడకి అది ఉపవాసంలా కనిపించదండీ. నిరసనలా కనిపిస్తుంది."

"చెబితే అర్థం చేసుకోరా?"

"చెప్పిన కొద్దీ సాకులా ఉంటుంది. ఈ ఒక్క సోమవారం మానేయకూడదా?"

ఆవిడ నా వైపు సూటిగా చూసింది. "మానేస్తే వాళ్ళ కోసం నా వ్రతం వదులుకున్నట్టు. రేపు ఇంకోటి వదలమంటారు, ఎల్లుండి ఇంకోటి. మానకపోతే నా వ్రతం కోసం నా కూతుర్ని కాదన్నట్టు. మీరు చాలా వాదిస్తారు కదా. చెప్పండి, ఏది చేయను?"

టీ అలాగే వదిలేసి లేచాను.

కోటు వేసుకుని ఏటి పక్క రెస్టారెంటుకి నడిచాను. ఆదివారం భోజనాలు అయిపోయి వంటావిడ పొయ్యి గట్టు తోముతోంది. విషయం చెప్పాను. మన ఆచారం వినగానే కళ్ళు పెద్దవి చేసి 'ఎంత ఇంట్రెస్టింగో' అనే తెల్లవాళ్ళని నేను చాలామందిని చూశాను. నాకు ఒళ్ళు చిర్రెత్తే మాట అది. ఈవిడ ఆ మాట అనలేదు. తోమడం కూడా ఆపలేదు.

"ఎప్పుడు తింటుంది?"

"చుక్క కనిపించాక."

"ఏ చుక్క?"

"ఏదైనా ఒక నక్షత్రం."

"నవంబరులో మాకు టీ తాగేసరికి చీకటి పడిపోతుంది. అయితే అందరం అప్పుడే తింటాం."

"మిగతా ఐదుగురూ అప్పటిదాకా..."

"ఆకలితో ఉంటారు. ఉండనీ. ఆకలితో వచ్చినవాళ్ళకి వండడం నాకు తేలిక." బ్రష్ పక్కన పెట్టింది. "చూడు, నా బల్ల దగ్గర ఒకళ్ళు తింటుంటే ఇంకొకళ్ళు చూస్తూ కూర్చోరు. ఇది మీ దేవుడి రూలు కాదు, నాది."

చుట్టాలింట్లో, పెళ్ళిళ్ళలో ఉపవాసమున్న ఆడవాళ్ళని ఎంతమందిని చూశాను. పొద్దుణ్ణుంచీ ఖాళీ కడుపుతో అందరికీ వడ్డించి, ఓ మూల కూర్చుంటారు. ఆవిడ తినేదాకా ఆగుదాం అని మనలో ఎవరైనా అన్నారా? ఆ మాట అనడానికి ఆ ఏటి పక్కన ఒక ఇంగ్లీషావిడ కావలసివచ్చింది.

సోమవారం ఉత్సవం గురించి ఎక్కువ రాయను. ఆ రాతి స్తంభాల మధ్య ఆర్గన్ మోగుతుంటే, ఎర్ర గౌనులో ఆ పిల్ల నడిచి వచ్చింది. గంధం రంగు పట్టుచీర మీద నల్ల కోటు వేసుకున్న తల్లి చప్పట్లు కొట్టడం మర్చిపోయి చూస్తూ ఉండిపోయింది. అంతే.

చీకటి పడే వేళకి అందరం రెస్టారెంటు వెనక పెరట్లో చేరాం. చుట్టూ ఎత్తైన ఇటుక గోడ, గోడ మీదుగా కేథడ్రల్ బురుజు. అబ్బాయి తల్లి చిన్న మనిషి, మాటిమాటికీ చేతులు రుద్దుకుంటోంది. తండ్రి బాగా పొడుగు, మఫ్లరు, టోపీ, పలకరిస్తే పలికే రకం. కొడుకు ఫోన్ చేసి చెప్పాడు కాబట్టి వాళ్ళూ మధ్యాహ్నం తినకుండా వచ్చారు. అందరూ పరిచయాలు చేసుకున్నాక, ఆ పొడుగాయన ఉన్నట్టుండి టోపీ సర్దుకున్నాడు.

"ఒక విషయం చెప్పాలి. మూడింటికి నేనొక సాసేజ్ రోల్ తిన్నాను. స్టేషన్లో."

భార్య మోచేత్తో పొడిచింది. "ఇప్పుడెవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదు. అందుకే చెప్పాను."

మన ఫార్మసిస్టు పెదవి చివర కాస్త కదిలింది. అంతే, మళ్ళీ ఆకాశం వైపు చూసింది.

ఆకాశం నిండా మబ్బు. చీకటి పడింది. చలి కోటులోంచి లోపలికి దిగుతోంది. చుక్క లేదు. అబ్బాయి కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నాడు. కూతురు తల్లి మొహం చూస్తోంది, ఆకాశం చూడటం లేదు.

"మబ్బుంటే చీకటి పడ్డాక తినేయొచ్చండీ. మా అమ్మ అలాగే చేసేది" అన్నాను.

"మీ అమ్మగారు చేసుంటారు" అంది ఆవిడ.

ఇంతలో వంటావిడ గుమ్మంలోకి వచ్చి మమ్మల్ని చూసింది, పైకి చూసింది, లోపలికి వెళ్ళింది. పెరటి దీపం ఆరిపోయింది. తర్వాత వంటింటి దీపం. తర్వాత ముందుగదిలోవి. ఇల్లంతా చీకటి, పొయ్యి మీది నీలం మంట తప్ప. "మా వెలుతురు అడ్డం కాకూడదు" అంది లోపల్నుంచి. అప్పుడు చూస్తే మబ్బు నిజంగానే విడుతోంది, గోడ పై అంచుకి కాస్త పైన, మెరుస్తూ, పెద్దగా ఒకటి.

"అదిగో!" అని నేనే అరిచాను. అబ్బాయి కూడా ఏదో అరిచాడు. ఆవిడ రెండు చేతులూ జోడించింది.

"క్షమించాలి" అన్నాడు ఆ పొడుగాయన. "అది నక్షత్రం కాదు. వీనస్. గ్రహం."

అబ్బాయి కళ్ళు మూసుకున్నాడు. భార్య ఆయన్ని పేరు పెట్టి, పిల్లల్ని పిలిచినట్టు పిలిచింది. నాకైతే ఆ మనిషిని ఆ గోడకి ఆనించి నాలుగు దులిపేయాలనిపించింది. ఏం పోయింది నోరు మూసుకుంటే? అమ్మాయి పెళ్ళి ఆ మెరిసేదాని మీద వేలాడుతోంది!

ఆవిడ చేతులు దించింది. "మీకు కచ్చితంగా తెలుసా?"

"దురదృష్టవశాత్తూ, తెలుసు."

"థాంక్యూ" అంది. "చెప్పకపోతే నేను తినేసేదాన్ని." తర్వాత మా అందరివైపూ తిరిగి, "మీరు లోపలికి వెళ్ళండి. నేను వస్తాను" అంది.

ఎవరం వెళ్ళలేదు. గుమ్మం దాకా జరిగాం, అంతే. ఆ పొడుగాయన మాత్రం ఆవిడ పక్కకి వచ్చి నిలబడ్డాడు. మబ్బు పడమటినుంచి కదులుతోంది, కాస్త ఆగితే పైన ఖాళీ అవుతుంది, నేను చూసి చెప్తాను అన్నాడు. ఇద్దరూ మెడలు ఎత్తి, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడంగా నిలబడ్డారు. మర్యాదకైనా రెండు మంచిమాటలు మాట్లాడిద్దామని నేను ఒకడుగు వేశాను. అమ్మాయి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఆంటీ, ప్లీజ్. డోంట్."

కాసేపటికి ఆయనే అడిగాడు. "ప్రతి సోమవారమా?"

"ఈ నెలంతా."

"ప్రతి ఏడూ?"

"ప్రతి ఏడూ."

"టెక్సస్‌లో మబ్బులుంటాయా?"

"పెద్దగా ఉండవు."

"అయితే మీరు ఇన్నేళ్ళూ సుఖంగా కానిచ్చేశారన్నమాట."

ఆవిడ పైకే నవ్వేసింది. వేసవి నుంచీ ఆవిణ్ణి చూస్తున్నాను, నవ్వితే ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. పక్కన కూతురి వేళ్ళు నా మణికట్టు మీద ఇంకా బిగుసుకున్నాయి.

ఆ తర్వాత ఆయన చెయ్యి నిటారుగా పైకెత్తాడు. ఆవిడ ఆ చెయ్యి వెంబడే చూసింది. "ఇది?"

"ఇది నక్షత్రం. ప్రమాణం చేస్తాను." పేరు కూడా ఏదో చెప్పాడు, నాకు గుర్తులేదు. మబ్బు చిరుగులో చిన్నగా, తెల్లగా, కదలకుండా ఉంది.

ఆవిడ చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. ఆయనకి ఏం చేయాలో తెలియలేదు. టోపీ తీసి పట్టుకున్నాడు.

ఆవిడ కళ్ళు తెరిచింది. అంతసేపూ ఇంగ్లీషే మాట్లాడిన మనిషి, ఆయన వైపు తిరిగి, చాలా మామూలుగా తెలుగులో అంది:

"చలిగా ఉంది, లోపలికి పదండి అన్నయ్యగారూ."

అమ్మాయి నా చెయ్యి వదిలేసి గుమ్మం మెట్టు మీద కూలబడిపోయింది, ఎర్ర గౌనుతోనే. ఇక్కడ పెరిగిన పిల్లే గాని, ఎన్ని పెళ్ళిళ్ళలో పట్టుచీరలు కట్టుకుని తిరిగుంటుంది! పెళ్ళికూతురి తల్లి వియ్యంకుణ్ణి ఏమని పిలుస్తుందో తెలియకుండా ఉంటుందా. అబ్బాయి కంగారుగా ఆ పిల్ల పక్కన కూర్చున్నాడు. అమ్మాయి తండ్రి కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. లోపల దీపాలు ఒకదాని వెంట ఒకటి వెలిగాయి.

ఆ పొడుగాయన నా దగ్గరికి వచ్చి, "ఆవిడ ఏమన్నారు?" అని మెల్లగా అడిగాడు.

"చలిగా ఉందట. లోపలికి రమ్మంటున్నారు" అన్నాను.

"అంతేనా? చివర్లో ఇంకేదో అన్నట్టుంది."

ప్రతి మాటకీ సమాధానముండే దాన్ని. ఆ ఒక్కదానికి అర్థం మాత్రం నేను చెప్పలేదు. అది ఆవిడ చెప్పాలి, లేదా ఆ పిల్ల చెప్పాలి. ట్రావెల్ ఏజెంటు చెప్పే మాట కాదది. "లోపల అడగండి" అన్నాను.

ఆయన ముందు ఆవిణ్ణి వెళ్ళనిచ్చి, గుమ్మం తక్కువ కాబట్టి తల బాగా వంచి, వెనకాలే లోపలికి వెళ్ళాడు. "మీరూ రండి" అని ఆవిడ పిలిచింది, మనవాళ్ళు ఎవరినైనా పిలిచినట్టే. నేను వెళ్ళలేదు. బుకింగ్ ఆరుగురికి. పెరటి గేటు తీసుకుని వీధిలోకి వచ్చేశాను.